ఇంటికి తిరిగొచ్చిన మూడో బొంత

మా చర్చి సంఘం వాళ్ళు వేసిన చిన్న పుస్తకంలో పెద్దమ్మ గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. బొంతలు కుట్టి కోతపండుగకు ఇచ్చేవారు అని. అది అబద్ధం కాదు. కానీ వికారాబాదులో ఇంకో మాట కూడా తిరుగుతోంది. ఒక ఏడు ఆమె మందిరంతో కొట్లాడి, ఇచ్చిన బొంతను వెనక్కి లాక్కొని పోయిందట. మొన్న ఒక పెళ్ళి భోజనాల్లో, ఆమెను ఎన్నడూ చూడని ఒక కొత్త కోడలు ఈ మాట నాకే చెప్పింది. ఆ బొంత ఇంటికి తిరిగిపోవడానికి కారణం కొట్లాట కాదు, నా నోరు. ఆ సంగతి తెలిసినవాళ్ళలో రాయగలిగేదాన్ని నేనొక్కదాన్నే. నేను రాయకపోతే ఆ ఒక్క వాక్యమూ ఈ ఒక్క అబద్ధమూ మిగులుతాయి. అందుకని రాస్తున్నాను.

నాది ఏడో తరగతి చదువు. బడిలో మధ్యాహ్న భోజనం వండుతాను. గిన్నెలు తోమడం అయిపోయాక ఇంటికి పోకుండా గ్రంథాలయానికి పోతాను. ఇరవై ఏళ్ళుగా ఇదే నా దారి. అక్కడున్న నాలుగు తెలుగు బీరువాల్లో మూడు పూర్తి చేశాను. నాలుగోదాని తాళం పోయింది. ఇది గొప్పకు చెప్పడం లేదని అంటే అబద్ధమవుతుంది. గొప్పకే చెబుతున్నాను. ఆ గొప్పే ఈ కథలో తప్పు చేసింది.

ఆమెను మేమంతా పెద్దమ్మ అనేవాళ్ళం. నాకు చుట్టం కాదు, పక్కింటి మనిషి. ఆమె భర్త తాండూరు దగ్గర నాపరాళ్ళ గనిలో పనిచేస్తూ చనిపోయాడు. పిల్లలు లేరు. వికారాబాదులో రైలు పట్టాల అవతల మా వరసలోనే ఒక గది తీసుకుని, పొద్దున పూట ఒక హాస్టల్లో జొన్నరొట్టెలు చేసేది. మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా బొంత కుట్టేది. ఏడాదికి మూడే బొంతలు. ఈస్టర్ దాటాక మొదలుపెట్టి కోతపండుగకు ముగించేది. అమ్మమని ఇంటికొచ్చి అడిగినవాళ్ళకు ఎప్పుడూ ఇవ్వలేదు. కావాలంటే పండుగనాటి హర్రాజుకు, అంటే వేలంపాటకు, రండి అనేది.

మా కోతపండుగ ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకు చెప్పాలి. ఆ రోజు చేను ఉన్నవాళ్ళు పండినదాంట్లో మొదటి భాగం తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. వడ్లు, కందులు, గుమ్మడికాయలు, ఒక్కోసారి కాళ్ళు కట్టేసిన కోడిపుంజు. ఆరాధన అయ్యాక వాటిని మందిరం బయట హర్రాజు వేస్తారు. వచ్చినదంతా సంఘం పనులకు. గుంట భూమి కూడా లేని పెద్దమ్మ ఆ వరసలో తన మూడు బొంతలు పెట్టేది. ఆమె బొంతల కోసం తాండూరు నుంచి, కుల్కచర్ల నుంచి కూడా మనుషులు వచ్చేవాళ్ళు. మా మందిరం కప్పు రేకులు ఒకసారి పూర్తిగా ఆ బొంతల మీదే మారాయని పెద్దవాళ్ళు అంటారు.

ఆమె పని చేసే తీరు నేను దగ్గర కూర్చుని చూశాను. పైబట్టకు తాండూరు బజారులో ఒక దర్జీ భాయి దాచి ఉంచే కత్తిరింపు ముక్కలు. అడుగు పొరకు ఇళ్ళలో అడిగి తెచ్చిన పాత చీరలు. రెంటికీ నడుమ, బొంతకు బరువూ బలమూ ఇచ్చే పొరకు కరణ్‌కోట సిమెంటు ఫ్యాక్టరీకి పోయేవాళ్ళు విడిచేసిన యూనిఫారాలు. వాటిని మూడు నీళ్ళలో ఉతికేది. మొదటి నీళ్ళు గంజిలా చిక్కగా, బూడిదరంగులో పోయేవి. ఆరిన తర్వాత ప్రతి బట్టనూ వెలుతురుకు పట్టి, బొటనవేళ్ళతో రెండు దిక్కులా లాగి చూసేది. గట్టిగా ఉంటే "ఇది ఇంక పని చేస్తది" అని ఒక కుప్పలో వేసేది. పిగిలేలా ఉంటే "ఇది అలిసింది పాపం" అని ఇంకో కుప్పలో వేసేది. అలిసిన బట్టను ఎన్నడూ బొంతలో కలపలేదు. దాన్ని గిన్నెలు దించే గుడ్డగా కూడా వాడేది కాదు. మడిచి పెట్టెలో పెట్టేది.

నేల మీద ఒక కాలు చాపుకుని కూర్చుని, బొంత అంచు కదలకుండా నాపరాయి పలక ఒకటి బరువు పెట్టుకునేది. సుద్ద గీతలు లేవు, కొలత టేపు లేదు. వడ్లగింజంత కుట్టు, దాని పక్కన వడ్లగింజంత ఖాళీ, మళ్ళీ కుట్టు. అంచు నుంచి మొదలై లోపలికి చుట్టుకుంటూ పోయి నడుమ ముగిసేది. ముడి ఎక్కడ వేసిందో వెతికినా దొరికేది కాదు. నన్ను ఒకసారి కుట్టమంది. నేను నాలుగు మూరలు కుట్టి గర్వంగా చూపించాను. ఆమె అంతా విప్పి, "నీ కుట్టు నడుస్తలేదు బిడ్డా, దుంకుతున్నది" అంది.

నాలుగు మూలల్లోనూ మూడు కోణాల ముక్క ఒకటి మడిచి కుట్టేది. మూడు మూలలు మామూలుగానే. నాలుగో మూల మూసే ముందు మాత్రం తలుపు దగ్గరికి వేసి, ఆ ముక్క కింద ఏదో చిటికెడు పెట్టి మూసేసేది. ఒకసారి నేను చూశాను. అడిగితే, బొంతకు ముద్ద పెడుతున్నానని చెప్పింది. వాళ్ళమ్మ కన్నడ దిక్కు మనిషి, ఆమె నుంచి వచ్చిన అలవాటట. మొదట్లో జొన్నరొట్టె తునక పెట్టేదట. ఒక ఏడు ఎలుకలు మూల కొరికాయి. అప్పటి నుంచి ఏం పెడుతున్నదో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎండిన రొట్టె తునకేమో అనుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు గ్రంథాలయంలో ఆచారాల మీద ఒక పుస్తకం దొరికింది. సరిహద్దు అవతలి ఊళ్ళలో బొంత మూసేటప్పుడు లోపల రొట్టె పెడతారని అందులో రెండు వాక్యాలున్నాయి. నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మా పక్కింట్లో జరిగేది పుస్తకంలోకి ఎక్కింది. దాన్ని నేను కనిపెట్టాను.

కోతపండుగ ఇంకా మూడు వారాలుందనగా స్త్రీల సమాజం కూడింది. పండుగ ఏర్పాట్ల కోసం అయ్యగారు, సంఘపెద్దలు కూడా వచ్చారు. మా దగ్గర పాస్టరుగారిని అయ్యగారు అంటాం. ఆయన ఆ ఏడే వేరే జిల్లా నుంచి వచ్చిన యువకుడు. ఆయన పెద్దమ్మ బొంతలను మెచ్చుకుంటున్నారు. పెద్దమ్మ ఆ రోజు రాలేదు, హాస్టల్లో పని ఉంది. నేను లేచి నిలబడి, నాకు తెలిసినదంతా చెప్పాను. పుస్తకం, ఆచారం, మూసిన మూల, లోపలి ముద్ద. చెబుతున్నంతసేపూ నా గొంతు నాకే బాగుంది. ముగించి చుట్టూ చూస్తే ఎవరూ నవ్వడం లేదు.

సంఘపెద్ద ఒకాయన ఉన్నాడు. కుల్కచర్ల దగ్గర చేను ఉన్న రైతు, మందిరంలో ఆయన మాటకు బరువుంది. ఆయన ఒకటే అడిగాడు.

"ముద్ద పెట్టేది ఎవ్వరికమ్మా?"

పుస్తకంలో పెడతారని ఉంది, ఎవరికో లేదు.

రెండు రోజుల్లో ముద్ద కాస్తా మంత్రమైంది. మూడో రోజుకు తాయెత్తయింది. వెనకటి ఏడు బొంత పాడుకున్న ఒకామె దాన్ని దండెం మీద ఎండకేసి, దగ్గరికి పోవడానికి జంకుతోందని విన్నాను. ఆదివారం పెద్దలు మాట్లాడుకుని కబురు పంపారు. ఈసారి బొంతలు బలిపీఠం ముందుకు రావాలంటే నాలుగో మూల విప్పి, ఉన్నది తీసేసి తేవాలి. నాలుగు కుట్లు విప్పితే అయిపోయే పని, ఆమె కాదనదులే అనుకున్నారు.

ఆమె కాదంది. గొడవ పడలేదు. విప్పను అని మాత్రం చెప్పి పంపింది.

ఆ సాయంత్రం నేను ఆమె దగ్గరికి పోయాను. యూనిఫారాలు నానబెడుతోంది. చెప్పింది నేనేనని ఒప్పుకున్నాను. అప్పటికే తెలుసు ఆమెకు. నీళ్ళలో చేతులుంచుకునే అంది:

"అబద్ధమైతే చెప్పలే గదా. జర నన్ను అడిగి చెప్తే మంచిగుండు."

అంగి ఒకటి పిండి పక్కన పెట్టి, మళ్ళీ తనే అడిగింది. "గా పుస్తకంల ముద్ద ఎందుకు పెడ్తరో రాసిన్రా?"

లేదన్నాను.

"మరేం సదివినవ్?"

అన్నేళ్ళ చదువులో నన్ను ఎవరూ అలా అడగలేదు.

ఆ వారంలో ఒక రోజు ఆమె వెంట తాండూరు పోయాను. దర్జీ భాయి ముక్కల సంచి ఆ నెల తెచ్చుకోవాలి. బొంతలు మందిరానికి పోతాయో లేదో తెలియకపోయినా, వచ్చే ఏటి బట్ట ఈ ఏడే కూడబెట్టాలి. భాయికి సంగతి అప్పటికే చేరింది. వికారాబాదు మాటలు తాండూరుకు రైలు కంటే ముందే పోతాయి. ఆయన మిషను ఆపి, చాయ్ తెప్పించి, ఆమెను అక్కా అన్నట్టు ఆపా అని పిలిచి, పరేషాన్ కావద్దన్నాడు. మందిరం వాళ్ళు వద్దంటే మూడు బొంతలూ తన దుకాణంలో తగిలిస్తానని, ఒక్క వారంలో పోతాయని చెప్పాడు. ఆమె నవ్వి, "అమ్ముకునేటందుకైతే ఎప్పుడో అమ్ముదును భాయీ" అంది.

తిరుగు రైలులో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా కన్నడలో మాట్లాడుకుంటున్న ఒక కుటుంబం. ఆమె వాళ్ళ మాటలు విని నాతో అంది:

"చేనున్నోల్లు చేను తెస్తరు. నాకేమున్నది బిడ్డా, గీ సూది తప్ప? ఇరవై ఆరేండ్లాయె. ఒక్క ఏడన్న ఒట్టి చేతులతోని పోలే. ఈసారి ఎట్ల పోవాలె?"

అయితే విప్పేయొచ్చు కదా పెద్దమ్మా అన్నాను. తల అడ్డంగా ఊపింది. విప్పిన బొంతను ఇవ్వడం కంటే ఒట్టి చేతులతో పోవడమే నయమంది. ఎందుకో మాత్రం చెప్పలేదు. నేను కిటికీలోంచి చూస్తూ, చదివిన మూడు బీరువాల్లో దీనికి పనికొచ్చేది ఒక్క ముక్క కూడా లేదని అనుకున్నాను.

పండుగ ముందు శనివారం పొద్దున పెద్దలు మందిరం వసారాలో కూర్చున్నారు. కానుకలు ఎక్కడ పెట్టాలి, హర్రాజు ఎవరు పలకాలి, ఆ మాటలు నడుస్తున్నాయి. పెద్దమ్మ మూడు బొంతలూ తల మీద పెట్టుకుని వచ్చింది. సాయం పడతానంటే నన్ను ముట్టనివ్వలేదు. బొంతలు వసారా మెట్టు మీద దించి, నిలబడింది.

అయ్యగారు లేచి ఆమెకు కుర్చీ వేశారు. ఆమె కూర్చోలేదు. ఆయన మెల్లగా అడిగారు, ఎవరినీ తప్పుపట్టడం తన ఉద్దేశం కాదని, ఆ ముద్ద సంగతి ఆమె నోటనే వినాలనుకుంటున్నానని. ఆమె మొదటి బొంత అంచు పట్టుకుని చూపించింది.

"అయ్యగారూ, ఇది గనిల రాళ్ళు మోసినామె చీర. ఇది ఫ్యాక్టరీల పదేండ్లు చేసినాయన అంగి. అరిగేదాక పని చేసినయి. నేను వీటిని మల్ల పనికి పెడుతున్న. పనికి పోయేటోల్లకు సద్ది గట్టకుంట ఎట్ల పంపాలె?"

సద్ది అంటే మా దగ్గర పనికి పోయేవాళ్ళ చేతికి కట్టిచ్చే అన్నం. గనికైనా పొలానికైనా, అది లేకుండా ఎవరినీ గడప దాటనివ్వరు. ఆమె ఇరవై ఏళ్ళు భర్తకు ఆ సద్ది కట్టింది. ఎవరికి పెట్టేదని సంఘపెద్ద అడిగిన ప్రశ్నకు జవాబు అంత మామూలుది. నేను పుస్తకంలో దేవుళ్ళను వెతుక్కున్నాను, దయ్యాలను వెతుక్కున్నాను. బట్టను వెతకలేదు.

సంఘపెద్ద మాత్రం వెంటనే మెత్తబడలేదు. ఇన్ని మాటలు పుట్టాయి కాబట్టి, లోపల ఏ తాయెత్తూ లేదని పదిమంది కళ్ళతో చూస్తే మంచిదన్నాడు. అందులో న్యాయం లేకపోలేదు. ఆమె నడుముకున్న సంచిలోంచి చిన్న కత్తెర తీసి ఆయన చేతికే ఇచ్చింది.

"నువ్వే ఇప్పు అన్నా. నేనైతే ఇప్ప."

ఆయన చేతులు నాగలి పట్టిన చేతులు. ఆ వడ్లగింజ కుట్లు విప్పడానికి చాలాసేపు పట్టింది. మూల తెరుచుకుంది. అరచేతిలో దులిపితే ఏడెనిమిది తెల్ల జొన్నలు రాలాయి. అంతే. ఆయన వాటిని వేలితో కదిపి చూశాడు. రేపు బలిపీఠం ముందు ఆయన పెట్టబోయే బస్తాలో ఉన్నవీ అవే.

ఎవరో సన్నగా నవ్వారు. ఆయనకు మొహం చెల్లలేదు. గింజలు అయ్యగారి చేతిలో పోసి, తాయెత్తు లేదు సరే, విప్పిన మూలను గింజలు లేకుండా మూస్తే అందరికీ బాగుంటుందన్నాడు. అయ్యగారు రెండు వైపులా చూశారు. కొత్తగా వచ్చిన మనిషి, ఎవరినీ నొప్పించకూడదనుకున్నారు. రెండు బొంతలు ఉన్నవి ఉన్నట్టే పెడదామని, విప్పినదాన్ని మాత్రం ఈసారికి ఖాళీగా కుట్టేయమని చెప్పారు.

పెద్దమ్మ సరేనంది. అక్కడే మెట్టు మీద కూర్చుని, ఆ మూలను ఖాళీగానే మూసింది. ఎప్పటిలాగే అందంగా కుట్టింది. దారం కొరికి, రెండు బొంతలు అయ్యగారి ముందుకు జరిపి, మూడోదాన్ని మడిచి భుజాన వేసుకుంది. అదేంటమ్మా అని ఆయన అడిగితే చెప్పింది:

"గిది ఉపాసమున్నది అయ్యగారూ. ఉపాసమున్నదాంతోని పని చేపిచ్చొద్దు. ఇంటికి తీస్కపోత."

వెళ్ళిపోయింది. జరిగింది ఇదే. కోపం లేదు, లాక్కోవడం లేదు. మర్నాడు పండుగకు తెల్లచీర కట్టుకుని ఆమె వచ్చింది, రెండు బొంతలు హర్రాజులో పోవడం చూసింది, పాటలు పాడింది. కానీ ప్రతి ఏడూ మూడు ఇచ్చే మనిషి రెండే ఇచ్చిందని అందరూ చూశారు. ఆ లెక్క ఆమెకు ఎంత గుచ్చుకుందో పక్కన కూర్చున్న నాకు తెలుసు. రెండో బొంత హర్రాజు ముగియగానే ఆమె చేతులు ఒళ్ళో ఖాళీగా తిరిగాయి, ఇంకోటి అందించడానికన్నట్టు.

ఆ మూడో బొంత ఏడాది పొడుగునా ఆమె పెట్టె మీద మడత విప్పకుండా ఉంది. ఆ చలికాలం అనంతగిరి వైపు నుంచి వచ్చే గాలికి మా రేకుల ఇళ్ళు మంచులా ఉండేవి. ఆమె పాత దుప్పటి రెండు మడతలేసి కప్పుకుంది కానీ దాన్ని ముట్టలేదు. అది సెలవులో ఉన్నదని నవ్వేది.

మళ్ళీ కోతపండుగ దగ్గరికొచ్చింది. స్త్రీల సమాజం కూడడానికి ముందు రోజు ఆమె మా ఇంటికొచ్చి కూర్చుంది. పోయినసారి నువ్వే చెప్పినవు, ఈసారి కూడా నువ్వే చెప్పాలంది. అయితే తాను చెప్పమన్నట్టు చెప్పాలి, పుస్తకం ఊసు వద్దు. నాతో రెండుసార్లు చెప్పించుకుని విన్నది. రెండోసారి ఒక మాట ఎక్కువైందని తీసేయించింది.

మర్నాడు నిలబడ్డాను. పోయిన ఏడు ఇదే చోట నాకు సగమే తెలిసిన సంగతిని మొత్తం తెలిసినట్టు చెప్పానని, అడగకుండా చెప్పానని ఒప్పుకున్నాను. తర్వాత చీర, అంగి, సద్ది, ఆ మూడు మాటలు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఈసారి కొందరు ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. సంఘపెద్ద వెనక వరసలో కూర్చుని విన్నాడు.

మూడు రోజులకు ఆయన కుల్కచర్ల బస్సు దిగి నేరుగా మా బడి వంటగదికి వచ్చాడు. తువ్వాలు కొంగు ముడి విప్పితే పిడికెడు జొన్నలు. ఆయన చేనువే. పెద్దమ్మ ఇంటికి పోవడానికి మొహం చెల్లలేదేమో, నా చేతిలో పోసి, "గా ఉపాసమున్నదానికి పెట్టుమను" అని, నేను అన్నం తినిపొమ్మనేలోగా వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఆమె ఖాళీ మూల విప్పింది. చిటికెడే తీసుకుని, మిగిలినవి నా కొంగులోనే ఉంచింది. ఇంత సద్ది ఎవరు మోస్తారు అంది. తలుపు దగ్గరికి వేయలేదు. నా ముందే మూసింది. ఆ పండుగకు బలిపీఠం ముందు నాలుగు బొంతలు ఉన్నాయి. ఆ ఏటివి మూడు, సెలవు ముగించుకున్నది ఒకటి. హర్రాజులో నాలుగోదాని వంతు వచ్చినప్పుడు, ఇది పోయినేటి బాకీ అని ఆమె హర్రాజు పలికేవాడి చెవిలో చెప్పింది. దాన్ని తాండూరు నుంచి వచ్చిన ఎవరో పాడుకున్నారు.

ఆ తర్వాత ఆమె ఇంకా నాలుగేళ్ళు కుట్టింది, ఏటా మూడు. చివరి ఏడు రెండు ముగించి, మూడోది సగానికి వచ్చేసరికి కన్నుమూసింది. మిగతా సగం మేము పదిమందిమి కూర్చుని పూర్తి చేశాం. ఎక్కడ ఆమె చెయ్యి ఆగిందో, ఎక్కడ మాది మొదలైందో గుడ్డివాడికైనా తెలుస్తుంది. అయినా ఆ ఏడు కూడా మూడు పోయాయి.

దీన్ని రాయడంలో సాయం చేసినవాళ్ళ పేర్లు రాయమని నాకు చెప్పారు. పెద్దమ్మ పేరే రాయనప్పుడు మిగతావి రాయడం బాగుండదు. ఎవరికి వారు తెలుసుకుంటారు. కాగితాలు ఇచ్చి, తప్పులు దిద్దిన గ్రంథాలయం సారుకు, ఇరవై ఏళ్ళు నన్ను వేళ దాటినా వెళ్ళమననందుకు కూడా, నమస్కారం. ఆమెకు ఏ నెల ఏ ముక్కలిచ్చాడో ఇప్పటికీ చెప్పగల తాండూరు దర్జీ భాయికి. బదిలీ అయిపోయినా ఫోనులో ఆ శనివారం సంగతంతా మళ్ళీ చెప్పి, ఖాళీగా కుట్టమనడం తన పొరపాటని రాయమన్న అయ్యగారికి. చివరి బొంత నాతో కూర్చుని కుట్టిన తొమ్మిదిమంది అక్కలకు. తన గురించి రాసిందంతా చదివించుకుని విని, "జొన్నలని ఒట్టిగ రాయకు, తెల్లజొన్న అని రాయి" అని ఒక్క మాట మాత్రమే దిద్దించిన సంఘపెద్దకు.

తాండూరులో ఆ నాలుగో బొంత ఏ ఇంట్లో ఉందో నాకు తెలియదు. దాన్ని కప్పుకుంటున్నవాళ్ళకు కూడా నమస్కారం. పండుగలకో చుట్టాలకో దాచిపెట్టకుండా రోజూ వాడుకోండి.